ముల్కీ బట్లరు వండిన చేప ఉండలు

మొయినాబాద్ రోడ్డు మీద ఇప్పుడు రిసార్టు లేని మలుపు లేదు. ప్రతి రిసార్టుల తెల్ల టోపీ పెట్టుకున్న పిల్లలు నలుగురైదుగురు ఉంటరు. వాళ్లల్ల ఒకరిద్దరు ఐతారం నాడు మా ఇంటికొచ్చి కూసుంటరు. "అంకుల్, మీరు వంట ఏ కాలేజీల చదివిండ్రు?" అని అడుగుతరు. చేప కాలేజీల అని చెప్త. నవ్వుతరు. నవ్వుండ్రి. ఆ కాలేజీల మొదటి ఆరు నెలలు పుస్తకం లేదు, పలక లేదు, గరిటె గూడ లేదు. ముండ్లు ఏరుడే.

ముప్పై అయిదేండ్లు వంటిండ్లల్ల ఉన్న. ఎప్పుడు పెద్ద వంటోన్నైన, ఎవరు ఏం సర్టిఫికెట్ ఇచ్చిండ్రు అనే ముచ్చట నేను రాయ. దానితోని మీ కూరకు రుచి రాదు. నేను రాసేది ఒక్క వంటకం గురించి, ఒక్క శనివారం గురించి. అరవైతొమ్మిది ఉద్యమం నడుస్తున్న ఏడాది అది. ఆ ఒక్క పూట నాకు నేర్పినంత తక్కిన ఏండ్లన్ని కలిసి గూడ నేర్పలే.

నేను జర పెంచి చెప్తనని మా వాడకట్టోళ్లు అంటరు. అది వంటోని జబ్బు. పదిమందికని పొయ్యి ముట్టిచ్చి పాతికమందికి వండుతం. మీరే తగ్గించుకోని చదువుకోండ్రి.

దొరసాని తెలుగు

చేవెళ్లకు, మొయినాబాదుకు నడుమ, రోడ్డుకు జర లోపలికి, మిషనోళ్ల దవాఖాన ఒకటి ఉండె. పెద్ద డాక్టరమ్మ ఇటలీ దేశపామె. పేరు లూసియా. ఎదురుంగ డాక్టరమ్మ, వెనుక దొరసాని. మంచి చెయ్యి. ఆమె సూది వేస్తే వేసినట్టు తెల్వదు, తెలిసేటాళ్లకు రోగమే పోతుండె.

దొరసానికి తెలుగు నేర్పింది ఆమె బట్లరు సువార్తరావు. ఆయనది నరసాపురం దిక్కు. అందుకని దొరసాని నోట్లె నుంచి వచ్చేది అచ్చం గోదావరి తెలుగు. మా ఊరి ముసలవ్వ కడుపునొప్పని పోతే, "ఏవండీ, నొప్పి ఎప్పట్నించండీ?" అనేది. ఇటలీ అంటె రాజమండ్రి దాటినంక వస్తదని మా ఊర్ల చానామంది నమ్మకం. నేను గూడ రెండేండ్లు అట్లనే అనుకున్న.

సువార్తరావు సన్నటి మనిషి. ఆయన మీసం మాత్రం ఆయన కంటె ముందుగాల వంటింట్లకు వచ్చేది. చేతులు పియానో వాయించేటోని చేతుల లెక్క ఉండేటివి. పియానో వాయించేటోన్ని నేను ఇంతవరకు చూడలేదనుకోండ్రి. ఆయన ఇక్కడికి వంట చేసేటందుకు రాలే. భార్య కరుణమ్మకు ఛాతీ జబ్బు. వైద్యం కోసమని వచ్చి, వంటకు కుదిరి, కాంపౌండుల రెండర్రల ఇల్లు ఇస్తే ఉండిపోయిండు. కరుణమ్మకు దినాం పొద్దుగాల సూది పడాలె. ఇంకా ఏడాది పడాలెనని దొరసాని చెప్పింది. నౌకరి ఉంటెనే ఆ ఇల్లు. ఆ ఇల్లు ఉంటెనే సూది. ఇది కాంపౌండుల కుక్కకు గూడ తెలుసు.

నేను పక్క ఊరోన్ని. పేరు ఇమ్మానుయేలు. ఆయన మానయ్యా అని పిలిచేటోడు. అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు, కోరికలు రెండు. ఒకటి స్టోరు తాళాలు. రెండోది ఆయన నెత్తి మీది తెల్ల టోపీ.

మొదటి వారమే నన్ను పిలిచి, నేను ముండ్లు ఏరిన చేప మాంసాన్ని పళ్లెంల పలుచగ పరిచి, కండ్లు మూసుకోని వేళ్లతోని ఒత్తుకుంట పోయిండు. ఒక కాడ ఆగిండు.

"ఏవిట్రా ఇది మానయ్యా?"

"ముల్లు సార్."

"ఎక్కడ దొరికింది?"

"మీ చేతుల."

"నా చేతిలో దొరికితే పర్లేదు. డాక్టరమ్మగారి గొంతులో దొరికితే, దాన్ని తియ్యడానికి ఇంకో డాక్టరమ్మని ఎక్కణ్ణించి తెస్తావ్?"

అప్పటి నుంచి కండ్లు మూసుకోనే ఏరిన. కన్ను మోసం చేస్తది. తెల్ల మాంసంల తెల్ల ముల్లు కనబడదు. వేలు అబద్ధమాడదు. మీకు ఈ రాతల ఒక్క ముక్కనే గుర్తుండాలెనంటె ఇది గుర్తుంచుకోని తక్కినవి మరిచిపోండ్రి.

పొడుగు చేపను గుండ్రంగ చేసుడు

దొరసాని పుట్టింది సముద్రం ఒడ్డు ఊర్ల. వాళ్ల అమ్మ పండుగకు చేప మాంసం ఉండలు చేసి, టమాట సాసుల ఉడికించి, సేమియా లాంటి దాని మీద పోసి పెట్టేదట. మీరు పాస్తా అంటున్నరు. మేము దొరసాని సేమియా అనేటోళ్లం. దవాఖాన తెరిచిన దినం ఏటా ఒకసారి వస్తది. ఆ దినం మధ్యాహ్నం అందరికి ఈ భోజనం పెట్టుడు ఆమె పట్టిన వ్రతం.

మాకు సముద్రం లేదు, హిమాయత్‌సాగర్ ఉన్నది. హిమాయత్‌నగర్ ఊరి నుంచి చేపలమ్మే బాలవ్వ నీళ్ల కుండల బతికున్న కొర్రమట్టలు తెచ్చేది. ఒక్కొక్కటి నా చెయ్యంత. చెయ్యంటె మోచెయ్యి దాంక కాదు, భుజం దాంక.

"ఏం జేస్తరు బిడ్డా దీన్ని?" అని అడిగింది మొదటిసారి.

"తోలు ఒలిచి, ముండ్లు తీసి, మెత్తగ కొట్టి, గుండ్రంగ ఉండలు చేస్తం అవ్వా."

"చేప పొడుగ్గ పుట్టె గద."

"పుట్టింది."

"మరి గుండ్రంగ ఎందుకు చేసుడు?"

"దొరసాని తింటది."

"పొడుగ్గ ఉంటె ఆమె నోట్లె పట్టదా?"

నేను కుండ ఎత్తుకోని లోపలికి పోయిన.

ఉండలు ఎట్ల చేస్తరో చెప్త. కొర్రమట్ట మాంసాన్ని చెంచాతోని గీరి తియ్యాలె. ముండ్లు ఏరి, కత్తితోని సన్నగ కొట్టాలె. పాలల్ల నానవెట్టి గట్టిగ పిండిన రొట్టె ముక్క, గుడ్డు, వెల్లుల్లి, కొత్తిమీర, మిరియాల పొడి, ఉప్పు కలపాలె. చేతికి నూనె రాసుకోని నిమ్మకాయంత ఉండలు చుట్టాలె. నూనెల రంగు మారేదాంక వేయించి, సాసుల మెల్లగ దించాలె. మెల్లగ అంటె పసిపిల్లను ఉయ్యాలల పండవెట్టినట్టు. సాసుకు శంకర్‌పల్లి టమాటలు. వేడినీళ్లల్ల ముంచి తోలు తీసి, ఉల్లి, వెల్లుల్లితోని ఒక గంట సన్న మంట మీద. చింతపండు వెయ్యొద్దు. మీ చెయ్యి చింతపండు డబ్బా దిక్కు దానంతటదే పోతది. ఆ చేతిని ఇంకో చేత్తోని పట్టుకోవాలె.

సేమియా మొదట్ల ఇటలీ నుంచి డబ్బాలల్ల వచ్చేది. అది ఒడిసినంక మొయినాబాదుల ఖాజాబీ ఇంటికి పోయి, రంజాను సేమియాల మిషను అడిగి తెచ్చేటోళ్లం. మంచం పట్టెకు బిగించి, గోధుమపిండిల గుడ్డు కలిపి, పిడి తిప్పితే దారాలు దారాలుగ దిగేది. మొదటిసారి నేను దాన్ని అన్నం లెక్కనే వండిన. గంజి వార్చి, మూత పెట్టి, పైన నిప్పులు పోసి దమ్ముకు వేసిన. మూత తీస్తె సేమియా మొత్తం ఒకటే మనిషై కూసున్నది. దానితోని సువార్తరావు వార్డుల చిరిగిన క్యాలెండర్లన్ని అంటించిండు. నేను పింఛను తీసుకునేనాటికి గూడ అవి ఊడలే.

గేటు కాడ పదకొండు మంది

ఆ ఏడాది బడులు బంద్, కాలేజీలు బంద్. బస్సులు ఒక దినం నడిస్తె మూడు దినాలు బంద్. మా నౌకరీలు బయటోళ్లకు పోతున్నయి, ముల్కీలకు, అంటె ఈ నేల మీద పుట్టినోళ్లకు, రావాలెనని ఊరూర ఒకటే మాట. అది ఉత్త లొల్లి కాదు. మా చిన్నాయన కొడుకు మెట్రిక్ పాసై మూడేండ్లు బర్లు కాసిండు. ఆ మంట నాకు గూడ ఉండె. ఇది ముందే చెప్తున్న, ఎందుకంటె ఈ ముచ్చటల నేను అమాయకున్ని కాదు.

ఒక మంగళారం పొద్దుగాల గేటు కాడికి పిల్లలు వచ్చిండ్రు. ఆరువందల మంది అని చెప్పాలెనని మస్తుగ ఉన్నది. పదకొండు మంది. ముంగట అనంతరెడ్డి. చేవెళ్ల కాడి భూములున్నోళ్ల పిల్లగాడు, పట్నంల బీఎస్సీ. కాలేజీ లేక ఇంటికాడ ఉన్నడు. గొంతు మైకు లెక్క ఉండేది.

"మీ బట్లరు ఎక్కడోడు డాక్టరమ్మా?" అని అడిగిండు.

"నరసాపురం దగ్గరండీ," అన్నది దొరసాని. "ఏవండీ, ఎండలో నిలబడ్డారేం? మంచినీళ్లు తాగుతారా?"

పదకొండు మంది ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. వెనుక నుంచి యాదగిరి అనేటోడు మెల్లగ, "అన్నా, ముందుగాల ఈమెను పంపాలెనేమో," అన్నడు.

అనంతరెడ్డి వాన్ని చూపుతోని ఆపి, దొరసానితోని చెప్పిండు. "మాకు ఆయన మీద పగ లేదు. కానీ ఇక్కడ ముల్కీ ఉన్నడు. మానన్న ఏడాదిన్నర నుంచి పని నేర్చుకుంటుండు. ఆ నౌకరి ఆయనకు రావాలె."

దొరసాని నా దిక్కు చూసింది. నేను నేల దిక్కు చూసిన. వద్దు అని ఒక్క మాట నా నోట్లె నుంచి రాలే. రానియ్యాలెనని నాకు గూడ లేకుండె.

"సరేనండీ," అన్నది దొరసాని. "శనివారం ఆస్పత్రి తెరిచిన రోజు, ముప్పై మందికి చేప ఉండల భోజనం. మానయ్య ఒక్కడే వండుతాడు. సువార్తరావు నోరు విప్పడు, చెయ్యి పెట్టడు. వంట కుదిరితే ఉద్యోగం మానయ్యది. కుదరకపోతే, ఉడికిందేదో మీరంతా కూర్చుని తిని, మళ్లీ ఈ మాట ఎత్తకూడదు."

పిల్లలు ఒప్పుకున్నరు. సువార్తరావు వంటింటి గడప మీద గరిటె పట్టుకోని అంతా విన్నడు. కరుణమ్మ వాళ్ల ఇంటి ముంగట మంచం మీద ఎండకు కూసోని అంతా విన్నది.

దొరసాని మంచిది. కానీ ఆ దినం తప్పు చేసింది. నేను ఓడిపోత అని ఆమెకు ఖాయం. ఆ ధీమాతోని, ఇంకొకరి ఇంటిని పందెం పెట్టింది. మీరు రేపు పెద్ద కుర్చీల కూసుంటరు. మీకు ఎంత ఖాయమైనా, పందెం పెట్టేటప్పుడు మీ సొంత వస్తువునే పెట్టుండ్రి.

సువార్తరావు ఆ పొద్దుమూకి నా చేతికి స్టోరు తాళాలిచ్చిండు. "ఉల్లిపాయలు కింద అరలో ఉన్నాయి," అన్నడు. అంతే. ఆయన పోయినంక నేను టోపీ పెట్టుకోని చూసిన. ముక్కు దాంక దిగింది.

దగ్గు

శనివారం పొద్దుగాల సువార్తరావు వంటింటి కిటికీ బయట వరండాల స్టూలు మీద కూసున్నడు. పక్కన కావలికి యాదగిరి. ఆయన సైగ చేయకుండ, సలహా ఇయ్యకుండ చూసుడు వాని డ్యూటీ.

నేను షురూ చేసిన. ఎనిమిది కొర్రమట్టలు. కండ్లు మూసుకోని ముండ్లు ఏరిన. ఆ పని మాత్రం నా అంత చేసేటోడు మూసీ నదికి ఈవల లేడు. మాంసాన్ని కత్తితోని సన్నగ కొట్టిన. దూది లెక్క అయింది. చూసి నాకే ముద్దొచ్చింది.

అప్పుడు వాసన చూసిన.

మా అమ్మ చేపను ఏడు నీళ్లల్ల కడిగేది. ఉప్పు, పసుపు వేసి రుద్ది రుద్ది, ఆఖరి నీళ్లు తాగొచ్చు అన్నట్టు ఉంటెనే పొయ్యి మీదికి ఎక్కనిచ్చేది. మా ఇండ్లల్ల పిల్లను చూడబోతే, ముందుగాల చేపను ఎన్ని నీళ్లల్ల కడుగుతవని అడిగి, ఆ తర్వాతనే పేరు అడుగుతరు. సువార్తరావు చేపను కోయకముందు ఒకసారి కడిగి, బట్టతోని తుడిచి ఊకునేటోడు. కొట్టినంక నీళ్ల చుక్క తగలనిచ్చేటోడు కాదు. నేను ఏడాదిన్నర ఆయన పక్కనే నిలబడి అది చూసిన. ఎందుకు అని ఒక్కసారి గూడ అడగలే. గోదావరోళ్లకు శుభ్రం తక్కువ అనుకున్న.

ముప్పై మంది తినేది, వాసన వస్తే పరువు పోతది. కొట్టిన మాంసాన్ని పలుచటి బట్టల వేసి, బకెట్ల ముంచి కడుగుడు పెట్టిన. ఒకటో నీళ్లు. రెండో నీళ్లు.

మూడో నీళ్లకు కిటికీ అవతల సువార్తరావు దగ్గిండు.

యాదగిరి, "పెద్దమనిషీ, దగ్గుడు గూడ చెప్పుడు లెక్కనే," అన్నడు.

నాలుగో నీళ్లకు ఆయన స్టూలు మీద నుంచి లేచి మళ్ల కూసున్నడు. అయిదో నీళ్లకు వంటిల్లు అదిరేటట్టు దగ్గిండు. చూడు, నా చెయ్యి చెదిరేటట్టు చేస్తుండు అనుకున్న. ఆయన దిక్కు సూటిగ చూసి, ఆరో నీళ్లు, ఏడో నీళ్లు గూడ కానిచ్చిన.

ఆ దగ్గు అర్థం నాకు మధ్యాహ్నానికి తెలిసింది. నేను ఓడిపోతే ఆయన ఇల్లు ఆయనకు ఉంటది. ఆయన చేయాల్సిన పని ఒక్కటే, ఊకె కూసునుడు. అది ఆయనతోని కాలే.

చేప మాంసంల ఒక జిగట ఉంటది. ఉండను పట్టి ఉంచేది అదే. నేను దాన్ని ఏడు బకెట్ల నీళ్లతోని జామచెట్టుకు పోసిన. మిగిలింది తడి పొట్టు. రొట్టె కలిపిన, ఆగలే. ఇంకింత కలిపిన. రెండు పిడికెళ్ల శనగపిండి వేసిన. ఎట్లనో తొంభై ఉండలు చుట్టిన. నూనెల వేస్తే సగం విచ్చుకోని పూలైనయి. ఆగినవాటిని సాసుల దించి, మూత పెట్టి, దేవుని తలుచుకున్న.

అనంతరెడ్డి లోపలికొచ్చి మూత తీసిండు. తొంగి చూసిండు.

"మానన్నా, ఉండలేవి?"

"లోపలున్నయి."

"ఎంత లోపల?"

గరిటె పెట్టి తిప్పిన. సాసు చిక్కగ, గులాబి రంగుల తిరిగింది. తగిలేది ఏం లేదు.

"కరిగినయా?"

"కలిసిపోయినయి," అన్న.

"అన్నా, మా పదకొండు మంది మొఖాలు గూడ దీన్ల కలిసిపోయినయి," అన్నడు అనంతరెడ్డి. ఆ పిల్లగాడు ఇంకో ముచ్చట గూడ చెయ్యొచ్చు. ముసలాయన ఏదో మందు పెట్టి చెడగొట్టిండు అని గేటు కాడ ఒక్క కేక వేస్తే, ఆ దినాలల్ల నమ్మేటోళ్లు నమ్ముదురు. ఆయన ఆ పని చేయలే. వరండాలకు పోయిండు.

మాట్లాడని మేస్త్రి

"పెద్దాయనా, జర లోపలికి రా."

సువార్తరావు తల అడ్డంగ ఊపి, నోటి మీద వేలు పెట్టుకున్నడు.

"ఇగ మాట్లాడొచ్చు. మేమే చెప్తున్నం."

మళ్ల తల ఊపిండు. యాదగిరి అందుకున్నడు. "డాక్టరమ్మకు మాట ఇచ్చిండట అన్నా. ఆమె చెప్తెనే మాట్లాడుతడట."

"నీకెట్ల తెలుసు?"

"పొద్దటి సంది పక్కనే ఉన్నగద. ఈయన గుటక మింగినా నాకు అర్థమైతున్నది."

సువార్తరావు కాంపౌండు అవతల కరుణమ్మ దిక్కు చూసిండు. ఆమె మంచం మీద నుంచి వంటింటి దిక్కే చూస్తున్నది. ఒక నిమిషం అట్లనే కూసున్నడు. ఆ నిమిషంల నాకు చెమటలు పట్టినయి, అనంతరెడ్డికి పట్టినయి, నాకు తెలిసి గోడ మీది బల్లికి గూడ పట్టినయి. తర్వాత ఆయన లేచి, చొక్కా చేతులు మడుచుకోని లోపలికొచ్చిండు.

ఎందుకు లేచిండ్రని తర్వాత ఎప్పుడో అడిగిన. "చేపలేం తప్పు చేశాయిరా," అన్నడు.

భోజనానికి ఇంకా రెండు గంటలుండె. అనంతరెడ్డి సైకిలు మీద హిమాయత్‌నగర్ పోయి, కుండతోని వాపస్ వచ్చిండు. వెనుక క్యారేజీ మీద బాలవ్వ. చేపలను ఒంటరిగ పంపనన్నదట.

ఆ తర్వాత జరిగింది మీకు నమ్మబుద్ధి కాదు. కానీ ఇది నేను పెంచనిది. పదకొండు మంది ఉద్యమం పిల్లలు వరండాల వరుసగ కూసోని, కండ్లు మూసుకోని, పళ్లాలల్ల ముండ్లు ఏరిండ్రు. సువార్తరావు చెయ్యి పెట్టలే, నోరు విప్పలే. సైగలే. బొటనవేలు చూపుడువేలు రుద్దితే ముల్లున్నది అని. రెండు అరచేతులు ఒత్తితే రొట్టె పిండమని. ఒక్కో సైగకు యాదగిరి అర్థం చెప్పేటోడు. ఒకసారి ఆయన నెత్తి మీద కొట్టుకున్నడు.

"గుడ్డు పగలగొట్టమంటుండా?" అని అడిగిండు అనంతరెడ్డి.

"కాదన్నా. నీ పళ్లెం చూసిండు," అన్నడు యాదగిరి.

బాలవ్వ గడప మీద కూసోని అందరిని చూసుకుంట, "గింత పెద్ద పెద్ద నినాదాలిస్తరు, గింతంత ముల్లు దొరుకుతలేదు మీకు," అన్నది.

పాడైన సాసును బట్టల వడగట్టమని సైగ చేసిండు. వడగట్టి, ఇంకొన్ని టమాటలు వేసి మరగనిచ్చినం. చేప సారమంతా అండ్ల దిగి ఉన్నది. నేను చేసిన తప్పు సాసుకు మాత్రం మేలే చేసింది. ఉండలు ఈసారి గోలీల లెక్క నిలబడ్డయి.

ఇగ సేమియా. పచ్చి సేమియా ఎంతసేపు ఉడకాలెనన్నది సువార్తరావు గడియారంతోని కాదు, మిషనోళ్ల గుడి కీర్తనతోని కొలిచేటోడు. రెండు చరణాలు పాడి దించాలె. మూడో చరణం ఎత్తుకుంటె మెత్తగైతది. ఆయన నోరు విప్పడు గనుక నేను ఎత్తుకున్న. పదకొండు మంది వంత పాడిండ్రు. ఉద్యమమోళ్లు మతంల కలిసిండ్రని దవాఖానల రోగులు ఒకటే గుసగుస.

ఎవరు వండారండీ

ముప్పై మంది కూసున్నరు. దొరసాని ఒక ఉండను ఫోర్కుతోని సగం చేసి నోట్లె పెట్టుకున్నది. నమిలింది. సువార్తరావు గోడకు ఆనుకోని నిలబడ్డడు. కరుణమ్మ చీరె కొంగు కప్పుకోని తలుపు కాడిదాంక వచ్చింది.

"ఎవరు వండారండీ?" అని అడిగింది దొరసాని.

నా జీవితంల నేను చెప్పిన అబద్ధాలల్ల చానా వరకు మంచివే. ఇది మంచిది కాదు. "నేనే డాక్టరమ్మా," అన్న.

సువార్తరావు నా దిక్కు గూడ చూడలే. కరుణమ్మ మాత్రం చూసింది. దొరసాని మెల్లగ తల ఊపి, సువార్తరావుతోని ఏదో అనబోయింది.

"కాదు," అన్నడు అనంతరెడ్డి. లేచి నిలబడి తన వేళ్లు చూసుకున్నడు. ముండ్లు గుచ్చుకోని ఎర్రగున్నయి. "ముండ్లు తీసింది మేము. చూపిచ్చింది ఆయన. మానన్న పొద్దటి సంది మస్తు కష్టపడి ఎనిమిది చేపలను నీళ్లపాలు చేసిండు."

నవ్వనోళ్లు లేరు. రెండు కాళ్లు విరిగి కట్టు మీద ఉన్నాయన గూడ నవ్విండు.

"అయితే ఏం చెయ్యమంటారు?" అన్నది దొరసాని.

"ముల్కీ నౌకరి ముల్కీకే రావాలె. ఆ మాట మేము వాపస్ తీసుకోం. కానీ నౌకరి వచ్చినోనికి పని గూడ రావాలె డాక్టరమ్మా. ఈయన ఆ పెద్దాయన కాడ ఇంకో రెండేండ్లు నేర్చుకోని, అప్పుడు అడుగుతడు. అప్పటిదాంక ఆయనను ఎవరన్న కదిలిస్తే మేమే అడ్డం నిలబడతం."

దొరసాని సువార్తరావు దిక్కు తిరిగింది. "ఇప్పుడు మాట్లాడండి. రెండేళ్లు సరిపోతాయాండీ?"

పొద్దటి సంది మూసుకున్న నోరు. గొంతు సవరించుకోని, నన్ను కింది నుంచి మీది దాంక ఒకసారి చూసి, "చాలవండీ," అన్నడు.

నాలుగేండ్లు పట్టింది. రెండో ఏడాది మొదట్లనే కరుణమ్మకు సూదులు ఆగినయి. ఆమె చేవెళ్ల సంతకు నడిచిపోయి నడిచి వస్తుండె. ఇగ నరసాపురం పోతం అంటె ఆపేటోళ్లు లేరు. ఆయన పోలే. దినాం నా పళ్లెంల వేలు పెట్టి ఒత్తుడు, ముల్లు తీసి నా అరచేతిల పెట్టుడు.

నాలుగో ఏడాది దవాఖాన భోజనం నాడు ఉండలు నేనే చుట్టిన, సాసు నేనే దించిన. ఆయన నిలబడే ఒక ఉండను నోట్లె వేసుకోని, కండ్లు మూసుకోని, మెల్లగ నమిలిండు. నేను ఒక మాట కోసం ఎదురు చూసిన. మింగి, తువ్వాలతోని మూతి తుడుచుకోని, ఇంట్లకు పోయి నరసాపురం పోయేటందుకు పెట్టె సర్దుకున్నడు.